అక్కుపల్లి ఒడ్డున అరవై రెండు పడవలు

గోవిందును చంపినవాడికి అతని పేరు కూడా తెలియదు. తెల్లారుతుండగా అక్కుపల్లి ఒడ్డుకు మొదట వచ్చిన ముసలాడి టీలో విషం కలిపాడు, అంతే. వాడికి కావలసింది గోవిందు చావు కాదు. ఏదో ఒక చావు.

పదిన్నరకి పలాస బజారులో ఏజెంట్ జానకిరామ్ ఫోన్ మోగింది. అతని వేషం జీడిపిక్కల వ్యాపారి.

“పిక్కలు ఎండాయా?” కోడ్ మాట అడిగాడు చీఫ్ రవిశంకర్.

“ఇంకో ఎండ కావాలి.”

“అక్కుపల్లి వెళ్లు. చేపల జాడ చూపిస్తాయని ఓ విదేశీ సంస్థ పడవలకి ఉచితంగా ఇచ్చిన బాక్సులు మన సముద్రం అడుగుని మ్యాప్ చేశాయి. శత్రు సబ్‌మెరైన్లకి దారి చూపే మ్యాప్. రేపు వాటిని జప్తు చేస్తున్నాం. ఈలోగా ఇవాళ అక్కడో ముసలాడు టీ తాగి చనిపోయాడు.”

“జప్తు సంగతి ఎవరికి తెలుసు?”

“నీకు, నాకు, రూపకి.”

రూప ఆ సంస్థలో మేనేజరు, మనకి ఇన్‌ఫార్మరు. ఆమె నవ్వితే టెక్కలి ఆఫీసుల్లో ఫైళ్లు వాటంతటవే కదిలేవి. ఆ మూడో పేరు వినగానే జానకిరామ్ బండి తీశాడు.

పోయిన వారం టెక్కలిలో ఓ సెల్‌ఫోన్ రిపేరు షాపులో అతను ఒక బాక్సు విప్పి చూశాడు. లోపల తక్కువ పవర్ వైఫై చిప్. అట్ట మీద నూట యాభై మెగాబిట్లు అని గొప్పలు, అసలు వేగం సెకనుకి రెండు. మూడు జీబీల ఫైలు ఒడ్డున ఎక్కడో దాచిన రిసీవరుకి పంపడానికి మూడు గంటల ఇరవై నిమిషాలు పడుతుంది. అదీ సోలార్ పలక మీద ఎండ పడుతుంటేనే. ఎండ ఉన్నంతసేపూ పడవలు వేటలో ఉంటాయి.

అక్కుపల్లి చేరేసరికి పన్నెండుకి ఇంకా పన్నెండు నిమిషాలుంది. ఒడ్డున శవం. వరసగా అరవై రెండు పడవలు, ఒక్కటీ కదల్లేదు. ఊళ్లో శవం ఉండగా అక్కడ ఎవరూ వేటకి వెళ్లరు. తెల్లచీర కట్టుకున్న రూప, గోవిందు భార్య కాసులమ్మ చెయ్యి పట్టుకుని ఏడుస్తోంది.

జానకిరామ్ సంచిలోని సిగ్నల్ మీటరు చూశాడు. అరవై రెండు బాక్సులూ ఎనిమిదీ నలభై నుంచి పంపుతూనే ఉన్నాయి. సరిగ్గా పన్నెండుకి మ్యాపంతా చేరిపోతుంది. వీళ్ల ఆచారాన్ని చదివి, దాని కోసం ఓ మనిషిని చంపారు! అతను రూప చేతికి బేడీ వేశాడు.

“ఆలస్యమైంది,” రూప ఏడుపు ఆపేసింది. “ఒక్క బాక్సు విప్పడానికే పది నిమిషాలు. పలకలు కప్పినా బ్యాటరీ పావుగంట లాగుతుంది.”

అతను కాసులమ్మ ముందు కూర్చుని రెండు ముక్కల్లో చెప్పాడు.

“ఏటి బాబూ? పడవలు ఒడ్డునుండాలని మా ముసలోణ్ని సంపేసినారా?”

“అవునమ్మా. ఆ చిప్ సిగ్నల్ అలలు దాటితే అందదు. కానీ శవాన్ని పెట్టుకుని పడవలు దింపమనడానికి నాకు నోరు రావట్లేదు.”

కాసులమ్మ లేచింది. “సూత్తారేటర్రా? తొయ్యండి పడవలు! తప్పయితే గంగమ్మ తల్లికి నాను సెప్పుకుంతాను!”

ఒడ్డంతా ఒక్కసారి లేచింది. మగవాళ్లు, ఆడవాళ్లు, పళ్లు కొరుకుతూ తోశారు. మీటరు మీద దీపాలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. చివరికి ఒక్కటి మిగిలింది. గోవిందు పడవ. కాసులమ్మ భుజం ఆనించింది, పక్కన జానకిరామ్. పన్నెండు కొట్టడానికి నాలుగు సెకన్లుండగా అల దాన్ని ఎత్తుకుపోయింది.

“టీ ఇచ్చినవాడు పలాస స్టేషన్లో దొరికాడు,” అన్నాడు ఫోన్లో చీఫ్. “డేటా ఎంత పోయింది?”

“తొంభై తొమ్మిది శాతం. చివరి ముక్క చేరందే ఒక్క ఫైలూ తెరుచుకోదు.”

తడిచీరతోనే వచ్చి భర్త పక్కన కూలబడిన కాసులమ్మ ఆ మాట విన్నది.

“బతికున్నన్నాళ్లూ ఎవుడి పనీ టయానికి అవనిచ్చీవోడు కాడు బాబూ. సచ్చినాక మారతాడేటి!”