గుండీల దండ

పొద్దున్నే బస్సు డిపోకి బయలుదేరబోతున్న కొడుకు యూనిఫాం చొక్కా గుండీ ఒకటి ఊడి గుమ్మంలో పడింది. పాపం గుండీదేం తప్పు లేదు, పొట్టే దాన్ని బయటికి గెంటేసిందని పెళ్లాం ఆటపట్టించింది. కుట్టుమిషన్ ఉన్న ఇంట్లో గుండీకి కరువేమిటంటూ అత్తగారి మిషన్ కింద అరలోంచి రేకు డబ్బాలన్నీ లాగి ముందేసుకుంది. నాలుగో నెల నడుస్తోంది, అలా వంగకు, కూర్చుని వెతుక్కో అని అత్తగారు వంటింట్లోంచి చెబుతూనే ఉంది.

చిట్టచివరి డబ్బా మూత బిగుసుకుపోయి ఉంది. చెంచాతో ఊడదీసి చూస్తే అందులో విడి గుండీలు లేవు. లావుపాటి దారానికి గుచ్చిన దండ ఒకటే ఉంది. ఏ రెండు గుండీలూ ఒక్కలా లేవు. పువ్వులాంటిది ఒకటి, చేప ఆకారంలో ఒకటి, కోటుకు పెట్టే నల్లటిది ఒకటి. ఒక్కో గుండీ వెనకా గట్టిగా బిగించిన ముడి. వాటిలో తెల్లది ఒకటి చొక్కాకి సరిపోతుందనిపించి కోడలు కత్తెర అందుకుంది.

"దాన్ని ముట్టుకోకు."

అత్తగారికి అలాంటి గొంతు ఉందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. పిండి చేతులతోనే వచ్చి దండ లాక్కుని, మూత పెట్టి, డబ్బాని పైటలో చుట్టుకుంది. తర్వాత తనే సిగ్గుపడి, పాతవి, విరిగిపోతాయి, అందుకే అన్నానంటూ ఏదో సర్దిచెప్పింది. కొడుకు పిన్నీసు పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ రోజు కోడల్ని ఆసుపత్రికి తీసుకెళ్లాల్సింది అత్తగారే. కళ్లజోళ్ల దుకాణంలో పనిచేసే ఆ పిల్ల ఒక పూట సెలవు అడిగి పెట్టుకుంది. దారి పొడుగునా అత్తగారు వెనకబడుతూనే ఉంది. కారణం లేకపోలేదు.

రెండో నెలలో చేసిన పరీక్షలో, కోడలి రక్తంలో తలసీమియా లక్షణం ఉందని తేలింది. ఆమెకు జబ్బేమీ లేదు. అయితే మొగుడికి కూడా ఆ లక్షణం ఉంటే మాత్రం, పుట్టే బిడ్డకి నాలుగింట ఒక పాలు, జీవితాంతం రక్తం ఎక్కించాల్సిన జబ్బే రావచ్చు, కాబట్టి ఆయన్ని కూడా పంపమని డాక్టరమ్మ చెప్పింది. ఆ రాత్రి అన్నం తింటూ కొడుకు తల్లిని అడిగాడు, మన వైపు ఇలాంటిది ఎవరికైనా ఉందా అని. ఆవిడ మజ్జిగ గిన్నె వైపు చూస్తూ, ఎవరికీ లేదు, నీకు చిన్నప్పుడే చూపించాం, నిక్షేపంలా ఉన్నావన్నారు అని చెప్పింది. కన్నతల్లి మాట. అతను నమ్మాడు. ఆ మాట మీద ఆరు వారాలు గడిచిపోయాయి.

ఆసుపత్రిలో డాక్టరమ్మ మొహం ముడుచుకుంది. మీ అత్తగారి మాటతో నా కాగితం నిండదు, నాకు మీ ఆయన రక్తం కావాలి అంది. ఒకవేళ ఇద్దరికీ ఉందని తేలితే కొత్త పరీక్ష ఒకటి ఉందనీ, పొట్టలోకి సూది దించకుండా తల్లి చేతి నుంచి తీసిన రక్తంలోనే బిడ్డ ఆనవాళ్లు వెతుకుతారనీ చెప్పింది. దానికి తండ్రి రక్తం కూడా జతగా పంపాలి. ఫలితం రావడానికి రెండు వారాలు. అది గట్టి అనుమానాన్ని చెబుతుందే తప్ప ఆఖరి మాట కాదు, రూఢి చేసుకోవాలంటే అప్పుడు సూది పరీక్ష తప్పదు. "ఇవన్నీ తీరిగ్గా చేసుకోవలసిన రోజులు పోయాయి. ఇప్పుడిక పరుగే," అంది.

పక్కనున్న నర్సు ఫారం నింపుతూ అత్తగారిని అడిగింది, మీకు పిల్లలెంతమంది అని.

"ఒక్కడే," అందావిడ.

బయటికి వచ్చే దారిలో పిల్లలకి రక్తం ఎక్కించే గది ఉంది. తలుపు పక్కనే మంచం మీద ఆరేడేళ్ల పిల్ల ఒకతి, పాలిపోయిన మొహంతో, స్టాండుకి వేలాడే సంచీ కేసి చూస్తూ కూర్చుంది. చేతిలో చిన్న పుస్తకం, దాని నిండా అంటించిన నక్షత్రాలు. కోడలు ముందుకు నడిచిపోయి, వెనక ఎవరూ లేరని గమనించి తిరిగి చూసింది. అత్తగారు ఆ మంచం పక్కన వంగి, పిల్ల అరచెయ్యి తిప్పి చూస్తూ అడుగుతోంది.

"ఇవాళ్టిది ఎన్నోదమ్మా?"

"ముప్పై నాలుగోది," అంది పిల్ల, గర్వంగా.



సాయంత్రం కొడుకు డ్యూటీ దిగి వచ్చి చెప్పులు విప్పుతుండగా, కోడలు ఆ రేకు డబ్బా వెతికి తెచ్చి మిషన్ మీద పెట్టింది. ఎందుకో అతనికి అర్థం కాలేదు. అత్తగారికి అర్థమైంది.

"ఎన్నోది అని అడిగారు, అత్తయ్యా. ఏమైందమ్మా అని అడగలేదు, తగ్గిపోతుందిలే అని కూడా అనలేదు. ఎన్నోది అన్నారు. ఈ గుండీలు ఎవరివి?"

 అత్తగారు మిషన్ చక్రాన్ని అటూ ఇటూ తిప్పింది. ఇక మాట తిప్పడానికి ఏమీ మిగలలేదు.

"దానివే," అంది కొడుకు వైపు తిరిగి. "నీకంటే ముందు పుట్టిందిరా. పిచ్చుక అనేవాళ్లం. మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. సూదికి ఏడవకుండా ఉండాలని, ఆసుపత్రికి వెళ్లినప్పుడల్లా ఒక గుండీ ఇచ్చేదాన్ని. తొమ్మిదేళ్లకి పోయింది."

కొడుకు ఒక చెప్పు కాలికి, ఒకటి చేతిలో పెట్టుకుని అలాగే ఉండిపోయాడు. తనకో అక్క ఉందన్న సంగతి ముప్పై ఏళ్ల వయసులో అతని చెవిన పడింది. ఆవిడ మిగతాదీ చెప్పేసింది. వాడికి మూడేళ్లప్పుడు పరీక్ష చేయిస్తే లక్షణం ఉందన్నారు. జబ్బు లేదు, పెళ్లి చేసేటప్పుడు మాత్రం అమ్మాయికి కూడా పరీక్ష చేయించండి అని ఆ రోజుల్లోనే చెప్పారు. ఈ సంగతి పొక్కితే వీడికి పిల్లనెవరిస్తారని ఆవిడా, భర్తా ఇల్లు మారారు, ఊరు మారారు. ఫొటోలు చించేశారు. ఎవరడిగినా ఒక్కడే అన్నారు. ఆయన పోయాక కూడా ఆవిడ ఒక్కడే అంటూ వచ్చింది.

"ఆవేళ అన్నం దగ్గర అడిగానుగా," అన్నాడు కొడుకు. అరవలేదు. అరిచినా బాగుండేదని ఆవిడకు అనిపించింది. "నోరు తెరిచి అడిగాను కదమ్మా. అప్పటికి ఇంకా టైముంది."

కోడలు రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుంది. "నాకో వదిన ఉండేదన్నమాట," అని, లోపలికి వెళ్లి తలుపేసుకుంది.

మర్నాడు కొడుకు రక్తం ఇచ్చాడు. లక్షణం ఉంది. ఆ వెంటనే ఇద్దరి రక్తమూ కొత్త పరీక్షకి వెళ్లింది. ఆ రోజు మొదలు ఇంట్లో మాటలు కొలిచినట్టు వచ్చేవి. కొడుకు తల్లి చేతి కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి వెళ్లిపోయేవాడు. అంతకు ముందెప్పుడూ ఆ గ్లాసు అతను కడిగిన పాపాన పోలేదు.  మిషన్ మీద ఎవరివో జాకెట్లు చేతుల్లేకుండా అలాగే పడి ఉన్నాయి.

పన్నెండో రోజు, సెలవునాటి మధ్యాహ్నం, కోడలు వచ్చి ఆవిడ ఎదురుగా పీట వాల్చుకుని కూర్చుంది. ఆయాసంగా ఉంది. దండని తీసి అత్తగారి ఒళ్లో పెట్టింది.

"రేపో ఎల్లుండో కాగితం వస్తుంది. అందులో ఏముంటుందో తెలీదు. మంచిదైతే సరే. కాకపోతే బిడ్డని ఉంచుకోవాలో వద్దో మేము తేల్చుకోవాలి, అదీ నాలుగు రోజుల్లో. డాక్టరమ్మ లెక్కలు చెబుతుంది. ఆ తొమ్మిదేళ్లు ఎలా ఉంటాయో మీరు తప్ప చెప్పేవాళ్లు లేరు, అత్తయ్యా. ఏదీ దాచకండి. మంచీ చెప్పండి, చెడ్డా చెప్పండి."

ఆవిడ మొదటి గుండీ పట్టుకుంది. ఏడాది పిల్లకి నరం దొరక్క తలలో గుచ్చిన రోజది. చేప గుండీ నాడు ఆసుపత్రి నుంచి వస్తూ పిచ్చుక దారిపొడుగునా పాడింది, వీధంతా నవ్వింది. కోటు గుండీ నాడు దొరకాల్సిన రక్తం దొరకలేదు, ఎనిమిది రోజులు పిల్ల మంచం దిగలేదు. పువ్వు గుండీ పుట్టినరోజుది. కొందరు పిల్లలు పెద్దవాళ్లవుతారని, ఇప్పుడు మందులు మెరుగయ్యాయని కూడా చెప్పింది. తన పిల్ల మాత్రం ఒంట్లో ఇనుము పేరుకుని, గుండె అలిసిపోయి పోయిందనీ చెప్పింది. ఎక్కడా తీపి చేయలేదు. ఏడుపొచ్చిన చోట ఆగి, మళ్లీ అందుకుంది.

ఎప్పుడొచ్చాడో, కొడుకు గడప మీద కూర్చుని ఉన్నాడు.

"నన్ను చూసిందా?"

"చూడకేం. నీకు అప్పుడు ఏడాది. నిన్ను ఒళ్లో వేసుకుని, అరచేతులు తిప్పి తిప్పి చూసేది, ఎర్రగా ఉన్నాయా, పాలిపోయాయా అని. ఆఖరుసారి ఆసుపత్రికి వెళ్తూ, అమ్మా, తమ్ముడికి గుండీలు వద్దు అంది." ఆవిడ దండ చివర ఉన్న తెల్ల గుండీని వేళ్ల మధ్య నలుపుతూ ఉండిపోయింది. "వద్దంటే, దాచేయమందనుకున్నానురా. ముందే చూసుకోమందని నాకు తట్టలేదు. తొమ్మిదేళ్ల పిల్లకి ఉన్న బుద్ధి నాకు లేకపోయింది."

కొడుకు పరవాలేదు అనలేదు. పరవాలేదనే సంగతి కూడా కాదది. గడప మీంచి లేచి వచ్చి ఆవిడ పక్కన నేల మీద కూర్చున్నాడు. చాలాసేపయ్యాక, అరచెయ్యి తెరిచి తల్లి ఒళ్లో, ఆ గుండీల మీద పెట్టాడు.

ఆవిడ దాన్ని వెలుతురు వైపు తిప్పి చూసింది.