ఓడదొంగల కళ్లు

రేపల్లెలో ఆ ఇంటి ముందు నుంచి పొద్దుగూకాక ఎవరూ నడిచేవారు కాదు. స్టేషనుకి దగ్గర దారి అదే. అయినా చుట్టు తిరిగి వెళ్లేవారు. తప్పక ఆ దారినే వెళ్లాల్సినవాళ్లు చేతులు రెండూ చంకల్లో దోపుకుని పరుగు తీసేవారట. బయటికి కనిపిస్తే మణికట్టు పట్టుకుంటుందని...

పట్టుకునేది ఆదిలక్ష్మి. ఒకప్పుడు ఆ ఇంటావిడే. మొగుడు రెండు చేతులూ విరిచి గదిలో పడేస్తే, ఎదురుగా కంచం ఉన్నా తినలేక ఆకలితో పోయిందని చెప్పుకునేవారు. నిజమో అబద్ధమో చూసినవాళ్లు లేరు. కానీ తొంభై ఒకటిలో చలపతి అనే ఆయన చీరాల నుంచి వచ్చి ఆ ఇల్లు అద్దెకి తీసుకున్నాక, నమ్మనివాళ్లు కూడా నమ్మారు.

చలపతి అక్కడ బొమ్మలకి రంగులు వేసే పని పెట్టాడు. బొమ్మలంటే పిల్లలు ఆడుకునేవి కావు. లోహంతో పోతపోసినవి, చిటికెనవేలంత కూడా ఉండవు. అన్నీ ఓడదొంగలే. ఒకడికి చెక్కకాలు, ఒకడికి చేతికి బదులు కొక్కెం, ఇంకొకడి భుజం మీద చిలక. దొరల దేశాల్లో మీసాలొచ్చిన పెద్దవాళ్లే బల్ల మీద నీలిగుడ్డ పరిచి, అదే సముద్రమనుకుని, పాచికలు వేస్తూ వీటితో యుద్ధం ఆడుకుంటారట. బొమ్మలు మద్రాసు నుంచి ఒట్టివిగా వచ్చేవి. రంగులు తొడుక్కుని మళ్లీ మద్రాసు వెళ్లేవి.

అన్నిటికంటే కష్టం కళ్లు. ఆవగింజలో సగముంటుంది కన్ను. అందులో తెలుపు, తెలుపు మధ్య నలుపు. కుంచె మొన ముద్దగా ఉంటే మొహమంతా పాడవుతుంది. కాబట్టి ప్రతి కంటికీ ముందు కుంచెని పెదాల మధ్య పెట్టి లాగాలి. అప్పుడు సూదిలా వస్తుంది. చలపతి మొదటిరోజు నేర్పే పాఠం అదే.

పనికి చేరిన ఆడవాళ్లలో సామ్రాజ్యం ఒకతె. మొగుడు పోయాడు. మిగిలింది ఒక్క కూతురు, కరుణ. బళ్లో చదువుతోంది. లూథరన్ గుడికి వెళ్లే మనిషి కాబట్టి దెయ్యాల మాట పైకి ఒప్పుకునేది కాదు. పక్కన కూర్చునే దానమ్మకి జరిగింది చూసేదాకా...

దానమ్మకి ముందు కడుపులో మెలిపెట్టింది. తర్వాత చిగుళ్ల మీద నల్లటి గీత వచ్చింది. నిద్రలో ఆదిలక్ష్మి నోట్లో వేలు పెట్టి చూస్తుందనీ, ఆ వేలి మసే ఆ గీత అనీ అన్నారు. ఒకనాడు బొమ్మ పట్టుకుని ఉండగానే ఆమె చెయ్యి మణికట్టు దగ్గర విరిగిన కొమ్మలా వేలాడిపోయింది.

చలపతి చూసి నవ్వాడు.

"మా ఆదిలక్ష్మికి నీ పని నచ్చినట్టుంది దానమ్మా. చెయ్యి ఉంచేసుకుంది. చెయ్యి లేని మనిషితో నాకేం పని?"

మర్నాటి నుంచి దానమ్మ రాలేదు. ఆమె పీట మీద ఇంకొకామెని కూర్చోబెట్టాడు.

ఆ తర్వాత ఒక రాత్రి. పొద్దున్న రైలుకి పార్సిల్ వెళ్లాలి, కళ్లు మిగిలిపోయాయి. అందరూ వెళ్లిపోయారు. సామ్రాజ్యం ఒక్కతే... కరెంటు పోయింది. లాంతరు వెలిగించుకుంది. పళ్లెం నిండా ఓడదొంగలు. కళ్లు వచ్చినవాళ్లు కొందరు, రానివాళ్లు కొందరు.

కుంచె పెదాలకి ఆనించింది. లాగింది. చెయ్యి కిందికి దించింది —

దిగిన చెయ్యి మళ్లీ లేవలేదు.

ఎవరో పట్టుకున్నట్టే. గట్టిగా కాదు... చల్లగా. కుంచె జారిపోయింది. పళ్లెంలో కళ్లున్నవాళ్లందరూ తన వైపు కాదు, తన వెనక్కి చూస్తున్నట్టు అనిపించింది. తల తిప్పలేదు.

"వదులమ్మా..." అంది గొణుగుతూ. "నాకు ఆడపిల్ల ఉంది."

కాసేపటికి వేళ్లు కదిలాయి. లాంతరు అక్కడే వదిలేసి ఇంటికి పరుగెత్తింది. అద్దంలో పెదవి ఎత్తి చూసుకుంది. గీత ఉంది.

మర్నాడు చలపతి ఆమె చెయ్యి వణకడం కనిపెట్టాడు. అమ్మాయిని పంపమన్నాడు. చిన్నవేళ్లు, కళ్లు బాగా దిద్దుతుందన్నాడు.

"నన్నేమైనా చెయ్యండి," అంది సామ్రాజ్యం. "దాన్ని మాత్రం ఈ గడప తొక్కనివ్వను. పని ఇంటికి తీసుకెళ్తానండి."

"తీసుకెళ్లు. ఆదిలక్ష్మి నీ వెనకాల రాదులే, ఈ వీధి దాటే అలవాటు లేదు."

అలా బొమ్మలు ఆమె ఇంటికి వచ్చాయి. పెట్టె లోపలికి తెచ్చేముందు మూత మీద సుద్దతో సిలువ గీసేది. ఆ వీధిలోకి పగలు కూడా కరుణని వెళ్లనిచ్చేది కాదు. సాయంత్రం బడి నుంచి రాగానే కాళ్లు కడిగించి, ప్రార్థన చేయించి, పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పింది. పిల్లది ఇట్టే పట్టేసింది. తల్లి చెయ్యి వణికి చెడగొట్టిన మొహాలు కూడా అదే సరిచేసేది. దాని చేతిలో ఓడదొంగలకి జాలి చూపులు వస్తున్నాయని సామ్రాజ్యం నవ్వేది. బిడ్డని ఆ ఇంటికి దూరంగా ఉంచగలిగానన్న ధైర్యంతో రాత్రుళ్లు నిద్రపోయేది.

వానలు వెళ్లేసరికి కరుణ కడుపు పట్టుకుని ముడుచుకోవడం మొదలుపెట్టింది. ఒక రాత్రి నిద్రలో అరిచింది.

"అమ్మా, చెయ్యి వదలమను..."

సామ్రాజ్యం దీపం దగ్గరికి తెచ్చి చూసింది. కుడిచెయ్యి వేలాడుతోంది.

ఆమె ఆ అర్ధరాత్రే ఆ ఇంటికి వెళ్లింది. తాళం వేసిన తలుపు ముందు కూలబడి, రెండు చేతులూ గుమ్మం మీద చాపింది. "నావి తీసుకో," అంది. "రెండూ తీసుకో. దానికింకా రాత పరీక్షలున్నాయి." తెల్లారేదాకా చేతులు చాపుకునే కూర్చుంది. ఎవరూ పట్టుకోలేదు.

ఆ పొద్దున్నే కరుణని తీసుకుని తెనాలి రైలెక్కింది. అక్కడ ఆసుపత్రిలో డాక్టరుగారు కరుణ చిగుళ్లు చూశారు, మణికట్టు చూశారు. ఆ తర్వాత అడక్కుండానే సామ్రాజ్యం పెదవి కూడా ఎత్తి చూశారు. ఆమె ఆదిలక్ష్మి సంగతంతా చెప్పింది. పాప ఆ గడప ఎప్పుడూ తొక్కలేదండి, సిలువ గీశానండి, అయినా ఎలా వచ్చిందో అంది. ఆయన నవ్వలేదు. ఇంట్లో ఏం పని చేస్తారని అడిగారు.

పార్సిల్ ఆలస్యమవుతుందని మిగిలిన బొమ్మలూ, రంగు డబ్బాలూ, కుంచే సంచిలో వెంటే తెచ్చుకుంది. ఒకటి తీసి చూపించింది.

"ఎలా వేస్తారో చూపించమ్మా."

సామ్రాజ్యం తెల్లరంగు డబ్బా మూత తీసింది. కుంచె ముంచింది. అలవాటుగా పెదాల మధ్య పెట్టి —

డాక్టరుగారు ఆమె చెయ్యి పట్టుకుని ఆపేశారు.

"ఇందులో సీసం ఉందమ్మా," అన్నారు మెల్లగా. "విషం. రోజూ కాస్త కాస్త తింటున్నారు మీరు." కరుణ వైపు తిరిగారు. "కుంచె ఇలా నోట్లో పెట్టుకోమని నీకెవరు చెప్పారమ్మా? ఆ చలపతేనా?"

కరుణ బళ్లో లేచి నిలబడ్డట్టు నిటారుగా నిలబడింది.

"కాదండి, మా అమ్మే నేర్పింది. అమ్మకంటే నాకే సన్నగా వస్తుందండి."