చేయి అందని చోటు

వచ్చినావిడ కుర్చీలో కూర్చోలేదు. చేతులున్న ఆ కుర్చీలో తను పట్టదని ఆమెకు చూడగానే తెలిసింది. గోడ వారనున్న బల్ల మీద కూర్చుని, ఆయాసం తగ్గేదాకా ఆగింది.

"నేను జన్మలో సిగరెట్ ముట్టలేదు. నా రక్తం మాత్రం ముట్టానంటోంది," అంది.

అపరాధ పరిశోధకుడు పొడుగ్గా, సన్నగా ఉంటాడు. ఎంతసేపైనా కదలకుండా చూస్తూ నిలబడగలడు. వీధిలో వాళ్లు ఎదురుగా సార్ అంటారు, వెనక కొంగ అంటారు. ఆయన సహాయకురాలు ఆస్పత్రి ఉద్యోగం వదిలి వచ్చిన నర్సు. లోకంలో ఆమె మెచ్చుకునే మనిషి ఆయనొక్కడే. ఆ మాట ఆయనతో ఎన్నడూ అనలేదు.

వచ్చినావిడ దర్జీ. రాత్రుళ్లు నిద్రలో ఊపిరి ఆగిపోతుంది. ఆ నిద్ర పగలు పగబట్టి వస్తుంది. ఒకసారి మిషన్ ముందు కునికితే, సూది వేలిలోంచి దిగాక గాని మెలకువ రాలేదు. పొట్ట చిన్నది చేసే ఆపరేషన్ తప్ప దారి లేదనీ, ఇలాగే ఉంటే ఏదో ఒక రాత్రి ఆగిన ఊపిరి తిరిగి రాదనీ డాక్టరు చెప్పాడు. బీమా కంపెనీ ఏడాది పాటు తిప్పింది. నెలనెలా తూకం, ఆహారం చెప్పే ఆవిడ సంతకం, మనసు డాక్టరు ముందు హాజరు, తలకు తీగలు తగిలించుకుని ఒక రాత్రి నిద్ర. అన్నీ దాటాక అనుమతి వచ్చింది. పొగ తాగేవాళ్లకు లోపలి కుట్లు త్వరగా మానవు కనక, చివర్లో రక్తంలో నికోటిన్ ఉందేమో చూశారు. ఉంది. దరఖాస్తులో అబద్ధం రాసిందని బీమావాళ్లు అనుమతి ఆపేశారు. మరొక్క పరీక్షకు ఒప్పుకున్నారు. అందులోనూ దొరికితే ఆ తలుపు మూసుకున్నట్టే.

"ఇంట్లో ఎవరో పెడుతున్నారు. ఎవరో తెలిస్తే వాళ్ల చేతి నీళ్లు మానేస్తాను. తెలియదు. అందుకని ఎవరి చేతి నీళ్లూ గొంతు దిగడం లేదు."

మాట్లాడుతున్నంతసేపూ ఆమె నడుమును వెనక గోడకేసి రుద్దుకుంటూనే ఉంది. పరిశోధకుడు ఇంట్లో ఎవరెవరున్నారని అడిగాడు. లారీ నడిపే భర్త, అత్త, తన చెల్లెలు. చెల్లెలు దుకాణంలోనూ తోడే. ఇద్దరిదీ ఒకటే ఒళ్లు. తన ఒంటికి కొలత తీసి కత్తిరిస్తే చెల్లెలికీ సరిపోతుంది. ఇద్దరికీ ఒకటే బీరువా.

"ఆమె ఆపరేషన్‌కి వెళ్లలేదా?"

"ఇద్దరం కలిసే దరఖాస్తు పెట్టాం. దానికి కుదరలేదు. ఎందుకని నేను గుచ్చి అడగలేదు. ఏడుస్తుందని."

"ఒంట్లో ఇంకేమైనా తేడా?"

నర్సు అడిగిన ఈ ప్రశ్నకు ఆమె కాస్త సిగ్గుపడింది. పొద్దున పూట కడుపులో తిప్పుతోందంది. పిచ్చి కలలు వస్తున్నాయంది. కలలో మిషన్ తనను కుడుతోందట. మొగుడు బండి మీద ఊళ్లు తిరుగుతున్న రోజుల్లోనూ ఆ కలలు ఆగలేదు. నడుం నొప్పి కూడా ఎక్కువైంది. స్నానమయ్యాక చెల్లెలు నడుముకు నొప్పి పట్టీ వేస్తుంది, తనకు చేయి అందదు కనక. అదీ ఈమధ్య పని చేయడం లేదు.

పరిశోధకుడు ఒక్కసారి గట్టిగా గాలి పీల్చాడు. ఆ గది చిన్నది. కిటికీ మూసి ఉంది.

*

ఆ సాయంత్రమే వాళ్లిద్దరూ దర్జీ ఇంటికి వెళ్లారు. ముందు గది దుకాణం. కత్తిరించే బల్ల, రెండు మిషన్లు, కొలిచి చూసుకోవడానికి తెర కట్టిన మూల. లోపల ఇల్లు.

భర్త మెట్ల మీద సిగరెట్ కాలుస్తున్నాడు. ఎవరూ అడగకముందే, తన పొగ వల్లే ఇలా అయిందని అందరూ తనను తింటున్నారన్నాడు. పక్కవాళ్ల పొగ పీల్చితే రక్తంలో అంత తేలదని నర్సు చెబితే అతని మొహం తేటపడలేదు, ఇంకా ముడుచుకుంది.

"అయితే అదే తాగుతోంది," అన్నాడు గొంతు తగ్గించి. "చెప్పకూడదు గాని, ఇదివరకు నా ప్యాకెట్ ఇట్టే ఖాళీ అయిపోయేది. ఎవరో తీసేవాళ్లు. ఈమధ్యనే ఆగింది. ఆపరేషన్ కోసం మానేసిందేమో అనుకున్నాను."

"అడిగారా?"

"కట్టుకున్నదాన్ని దొంగవా అని ఎలా అడుగుతాం సార్."

అడగకుండానే అనుమానించడం మాత్రం ఎలాగో అతనికి చేతనైంది.

అత్త గదిలోకి అడుగు పెడితే కర్పూరం వాసన ముక్కులు బద్దలు కొట్టింది. ఆమె మోకాళ్లకూ అవే నొప్పి పట్టీలు. పక్కన నశ్యం డబ్బా. నర్సు చూపు ఆ డబ్బా మీద ఆగింది. ముసలావిడ అది కనిపెట్టింది.

"ఏం తల్లీ, కోడలికి నశ్యం కలిపి తాగిస్తున్నానని చెప్పారా? దేవుడిచ్చిన కడుపు కోయించుకోవడం నాకిష్టం లేదు. ఆ మాట మొహం మీదే అన్నాను. చాటుగా చేసే ఖర్మ నాకేంటి? ఇప్పుడా పొడి పాలు నేనే కలుపుతున్నాను. కావాలంటే తీసుకెళ్లి చూసుకోండి."

ఆపరేషన్‌కు ముందు కాలేయం చిన్నదవడానికి ఘనాహారం మానేసి ఆ పొడి కలిపిన పాలే తాగాలి. అనుమతి ఆగినా దర్జీ ఆ పాలు మానలేదు. మానితే ఆశ వదిలేసినట్టేనని ఆమె భయం. ఎప్పుడు మొదలుపెట్టిందని పరిశోధకుడు అడిగాడు. రక్తం ఇచ్చి వచ్చిన మర్నాటి నుంచి అని ముసలావిడ చెప్పింది.

చెల్లెలు వంటింట్లో ఉంది. అక్క కోసం ఆమె కళ్లు వాచేలా ఏడ్చిందని చూస్తేనే తెలుస్తోంది. అడిగిన ప్రతిదానికీ జవాబు చెప్పింది. బావ ఒక్కోసారి పొగ అక్క మొహం మీదే వదులుతాడంది. అత్తయ్య డబ్బా మీద ఓ కన్నేసి ఉంచమంది.

"అక్కకి ఇంకొన్నాళ్లు ఆగి పరీక్ష చేయించండి సార్. మానేసిన వెంటనే పోదది. సిగరెట్ తాగినా, దాని బదులు బిళ్లలు చప్పరించినా, పట్టీ వేసుకున్నా రక్తంలో ఒకేలా కనబడుతుంది. వాళ్లు తేడా చూడరు."

"మీకు బాగా తెలుసే," అన్నాడు పరిశోధకుడు.

"ఆస్పత్రిలో చెప్పారు," అంది చెల్లెలు. గిన్నె తోముతూ ఉండిపోయింది. ఆ గిన్నె అప్పటికే శుభ్రంగా ఉంది.

బయటికొచ్చాక నర్సు ముసలావిడ మీదే పడింది. కోడలి మీద అంత కక్ష ఉన్న మనిషి ఇంకెవరున్నారంది.

"కక్ష ఉన్నవాళ్లు అరుస్తారు," అన్నాడు పరిశోధకుడు వీధి మలుపు దగ్గర. "రేపు పొద్దున ఆవిడ స్నానం కాగానే మనం అక్కడ ఉండాలి. బీమా అధికారిని నేను రప్పిస్తాను. మీరు ఒక కొత్త నొప్పి పట్టీ కొనుక్కురండి."

*

మర్నాడు పొద్దున అందరూ కత్తిరించే బల్ల చుట్టూ చేరారు. బీమా అధికారి గడియారం చూసుకుంటూ, కంపెనీకి ఇలాంటి కథలు కొత్త కాదన్నాడు. అత్త స్టూలు లాక్కుని ముందు వరసలో కూర్చుంది. దర్జీ మిషన్ మీద చేయి ఆనించి నిలబడింది. చెల్లెలు ఆమె పక్కనే ఉంది, భుజానికి భుజం తగిలేలా.

"ఈ ఇంట్లో ముగ్గురి మీద అనుమానం ఉంది," అన్నాడు పరిశోధకుడు. "భర్త సంగతి ముందు. పక్కవాళ్ల పొగ ఇంతలా రక్తానికి ఎక్కదు. పైగా ఆయన ఊళ్లో లేనప్పుడూ ఈవిడకు ఆ కలలు వచ్చాయి. ఇక అత్తగారు. ఆవిడ కలిపే పాలు మొదలైంది రక్తం ఇచ్చి వచ్చాక. రేపు తాగబోయేది నిన్నటి రక్తంలో దొరకదు."

"వింటున్నావా," అంది అత్త కొడుకుతో.

"ఈవిడ నా గదిలో చాలాసేపు కూర్చున్నారు. నడుముకు నొప్పి పట్టీ ఉందన్నారు. ఆ పట్టీలు ఎలా కంపు కొడతాయో ఈ ఇంట్లో అందరికీ తెలుసు. ఆ మూసిన గదిలో నాకు ఏ వాసనా రాలేదు. ఈమధ్య పట్టీ పని చేయడం లేదని కూడా ఆవిడే చెప్పారు. అక్కడ దురద. కడుపులో తిప్పడం. పిచ్చి కలలు. ఇవి నొప్పి పట్టీ చేసే పనులు కావు. సిగరెట్ మాన్పించడానికి చర్మానికి అంటించే పట్టీ ఒకటుంది. అలవాటు లేనివాళ్లకు వేస్తే ఇదే చేస్తుంది. ఈ ఇంట్లో ఒకరు దొంగచాటుగా సిగరెట్లు తాగి, ఈమధ్యే మానేశారు. ప్యాకెట్లు ఖాళీ కావడం ఆగింది."

దర్జీ మొగుడి వైపు చూసింది. అతను నేల చూశాడు. పక్కన ఆనుకుని ఉన్న భుజం కొంచెం దూరం జరగడం ఆమెకు తెలిసింది.

నర్సు ఆమెను తెర వెనక్కి తీసుకెళ్లింది. బట్ట జరిపిన చప్పుడు, అంటుకున్నదేదో ఊడిన చప్పుడు వినిపించాయి. నర్సు తిరిగొచ్చి, తను కొన్న పట్టీ పక్కన ఊడదీసినదాన్ని బల్ల మీద పెట్టింది. ఒకటి గదంతా కర్పూరం నింపింది. రెండోదానికి వాసన లేదు. పైన దర్జీలు వాడే గుడ్డ టేపు అంటించి ఉంది. నర్సు టేపు లాగేసింది. కింద నికోటిన్ అన్న అక్షరాలు అచ్చుపడి ఉన్నాయి. బీమా అధికారి గడియారం సంగతి మర్చిపోయి వంగి చదివాడు.

"తను చూసుకోలేని చోటు, చేయి అందని చోటు," అన్నాడు పరిశోధకుడు. "అందేది ఒక్కరికే."

చెల్లెలు కాదనలేదు. సిగరెట్ల వల్లే తన దరఖాస్తు పోయిందనీ, అక్కకు తెలియకుండా మానాలని ఆ పట్టీలు తెచ్చుకున్నాననీ చెప్పింది. మానింది కూడా. మళ్లీ దరఖాస్తు పెడదామనుకుంటుండగా అక్కకు అనుమతి వచ్చింది. మిగిలిన పట్టీలు చేతిలో ఉన్నాయి.

"బస్సులో ఇద్దరం ఒక సీటు నింపేవాళ్లం. జనం నవ్వితే ఇద్దరం కలిసి తిట్టుకునేవాళ్లం," అంది తెర వైపు తిరిగి. "నువ్వు సన్నబడి వెళ్లిపోతే వాళ్లందరూ నన్నొక్కదాన్నే చూస్తారక్కా. నాకు కుదిరేదాకా నువ్వు ఆగితే చాలనుకున్నాను. ఇద్దరం కలిసి వెళ్దామని."

తెర కదిలింది. దర్జీ బయటికొచ్చి, కుట్టు పడిన వేలును బల్ల మీద, ఆ పట్టీ పక్కన పెట్టింది.

"ఈ సూది లాగింది నువ్వే. నా ఊపిరి ఆగినప్పుడల్లా తట్టి లేపింది నువ్వే. ఆగితే ఏమవుతుందో నీకంటే తెలిసినవాళ్లు ఈ ఇంట్లో లేరు."

"ప్రతి రాత్రీ మేలుకునే ఉన్నానక్కా."

"ఏ రాత్రయినా నీకు నిద్ర పడితే?"

బీమా అధికారి గొంతు సవరించుకుని, ఒళ్లు శుభ్రపడడానికి గడువిచ్చి మళ్లీ పరీక్ష చేయిస్తామనీ, అది సరిగా వస్తే అనుమతి నిలుస్తుందనీ అన్నాడు. ఎవరూ అతనికి కృతజ్ఞత చెప్పలేదు. చెల్లెలు ఆ మధ్యాహ్నమే వెళ్లిపోయింది. ఆమెను ఉండమన్నది అత్త ఒక్కతే.

దారిలో నర్సు ఉండబట్టలేక అడిగింది. తెర వెనక మామూలు పట్టీయే ఉండి ఉంటే?

"నేను మూర్ఖుణ్ణని తేలేది. అదేం పెద్ద నష్టం కాదు," అన్నాడు కొంగ.

*

ఆపరేషన్ అయ్యాక చాన్నాళ్లకు నర్సు ఆ దుకాణానికి ఒక గౌను బిగుతు చేయించుకోవడానికి వెళ్లింది. దర్జీని ఆమె వెంటనే గుర్తుపట్టలేదు. మిషన్ ముందు మెలకువగా కూర్చుని కుడుతోంది. రెండో మిషన్ మీద గుడ్డ కప్పి ఉంది. కత్తిరించే బల్ల మీద పెద్ద పెద్ద బట్టలు, అన్నీ ఉతికి, ఇస్త్రీ చేసి, దొంతరగా పేర్చి ఉన్నాయి. భర్త వాటిని మూట కడుతున్నాడు.

"చెల్లెలికా?" అని నర్సు అడిగింది.

"బాగున్నవి బాగున్నట్టే ఉన్నాయి. దానికి సరిపోతాయి."

ముడి వదులుగా ఉందని దర్జీయే లేచి వెళ్లి బిగించి కట్టింది. భర్త మూట భుజానికెత్తుకుని, అడిగితే ఏం చెప్పమంటావని గుమ్మంలో ఆగాడు.

దర్జీ మెడలో వేలాడుతున్న టేపు తీసి, నర్సు నడుము చుట్టూ వేసింది.

"ఇక మీదట నీ కొలత నువ్వే తీసుకోమని చెప్పు," అంది. "కొంచెం చేతులు పైకెత్తండి, నర్సమ్మా."