సయాం బొమ్మల్లో రెండు తప్పులు

"ఈ సాయంత్రం మిషన్ హాల్లో తెర మీద లాంతరు బొమ్మలు చూస్తుండగా సయాం రాయబారిని చంపేస్తారు."

పోలీసు లాంచీ క్యాబిన్‌లో ఇన్‌స్పెక్టర్ వీరబ్రహ్మం గొంతు తగ్గించాడు. కిటికీలోంచి గోదావరి మీద లేస్తున్న కొత్త రైలు వంతెన కనిపిస్తోంది. అది చూడటానికే రాయబారి రాజమహేంద్రవరం వచ్చాడు.

ఎదురుగా కూర్చున్న జ్ఞానప్రకాశం పైకి లూథరన్ మిషన్ గుమాస్తా. అసలు ఉద్యోగం సీక్రెట్ ఏజెంట్. కొన్నేళ్లు సయాం రాజధాని బాంకాక్‌లో ఉండి వచ్చినవాడు.

"ఎవరి పనండీ?"

"సైగాన్‌లో తుపాకులమ్మే ముఠా. మన గడ్డ మీద రాయబారి చస్తే సయాంతో యుద్ధం ఖాయం. వాళ్లకి అదే వ్యాపారం. షూటర్ ఎవరో సంపూర్ణమ్మకి హాల్లోకి వెళ్లాకే తెలుస్తుంది."

జ్ఞానప్రకాశం మొహం చిట్లించాడు. యానాంలో పుట్టి సైగాన్‌లో పెరిగిన సంపూర్ణమ్మ డబుల్ ఏజెంట్. పోయిన నెల ఆవిడ కబురు నమ్మి వెళ్లిన స్నేహితుడు బుల్లియ్య కోరంగి మడ అడవుల్లో శవమై తేలాడు.

"ఆవిణ్ణి నమ్మమంటారా?"

"వేరే దారేదయ్యా? ముఠా మనిషి మార్సెల్ ఆవిడ పక్కనుంచి కదలడు, విడిగా కబురు పంపలేదు. వాడు బాంకాక్ వింతల బొమ్మలు వేస్తాడు, ఆవిడ తెలుగులో వివరిస్తుంది. ఏది తప్పు చెబితే అదే కోడ్."

"ఆట ఆపేస్తే సరిపోదాండీ?"

"ఇక్కడ ఆపితే ఇంకోచోట చంపుతారు. అక్కడ మనకి సంపూర్ణమ్మ ఉండదు."

దీపాలు పెట్టే వేళకి హాలు కిటకిటలాడింది. తూర్పు గోడ వారన, మాసిన తలగుడ్డతో పైకప్పుకి వేలాడే పంఖా తాడు లాగుతూ కూర్చున్నాడు జ్ఞానప్రకాశం. అతని చుట్టూ పంతుళ్లు, గుమాస్తాలు, ఒక ఫోటోగ్రాఫర్. రాయబారి ముందు వరసలో, పక్కన దుబాసీ. తెరకి ఎదురుగా లాంతరు దగ్గర మార్సెల్, వాడి పక్కనే నల్ల పట్టుచీరలో సంపూర్ణమ్మ. అందరి కళ్లూ ఆవిడ మీదే.

మొదట శయన బుద్ధుడు. "పాదాలకి ముత్యపు చిప్పలు తాపడం చేశారండి." నిజమే. తప్పు లేదు.

తరవాత అరుణ దేవాలయం. "నదికి తూర్పు గట్టున ఉందండి."

జ్ఞానప్రకాశం చేతిలో తాడు ఒక్క క్షణం ఆగింది. ఆ గుడి పడమటి గట్టున ఉంది. షూటర్ తూర్పు వైపు, అంటే తన పక్కనే!

ఇంతలో దుబాసీ అనువాదం విని రాయబారి నవ్వి, అతని చేతే చెప్పించాడు. "కాదమ్మా, అది పడమర!"

మార్సెల్ చెయ్యి కోటు లోపలికి పోయింది.

"క్షమించండి, తమవంటి పెద్దల ముందు నోరు తడబడుతోంది," అంది సంపూర్ణమ్మ తడుముకోకుండా. జనం నవ్వారు. మార్సెల్ చెయ్యి మెల్లగా బయటికి వచ్చింది.

తరవాత బొమ్మ పెద్ద ఉయ్యాల. "మూడు స్తంభాల మీద నిలబడిందండి!"

ఉన్నవి రెండే. జ్ఞానప్రకాశం చప్పున తూర్పు గోడ వారన హాలు స్తంభాల్లో మూడో దాని వైపు చూశాడు. అక్కడ మిషన్ బడి ముసలి పంతులు యెహెజ్కేలు గారు కునికిపాట్లు పడుతున్నారు. ఆయనా? బుల్లియ్యని ముంచినట్టే తననీ ముంచుతోందా?

తెర మీద మరకత బుద్ధుడు వెలిగాడు. రాయబారి చేతులు జోడించి లేచి నిలబడ్డాడు. పంఖా తాడుకి అవతల ఫోటోగ్రాఫర్ కెమెరా మూత తీశాడు.

కెమెరా నిలబడింది మూడు కాళ్ల మీద. స్తంభాలు కాదు, కాళ్లు!

మూత కింద అద్దం లేదు. ఇనుప గొట్టం ఉంది.

జ్ఞానప్రకాశం తాడు కొస ఉచ్చులా విసిరి, కెమెరా కాలికి తగలగానే ఒక్క గుంజు గుంజాడు. కెమెరా పక్కకి ఒరుగుతూ పేలింది. గుండు రాయబారి భుజం పక్కనుంచి దూసుకుపోయి తెరని చీల్చింది. మార్సెల్ పిస్తోలు తీసేలోపే సంపూర్ణమ్మ కాలిపోతున్న లాంతరు మూత వాడి చేతి మీద అదిమింది. వాడు కేక పెట్టి కూలబడ్డాడు. జ్ఞానప్రకాశం ఫోటోగ్రాఫర్ గుండెల మీద కూర్చున్నాడు. జనం గుమ్మాలకేసి పరుగెత్తారు.

కానిస్టేబుళ్లు ఇద్దరినీ బేడీలేసి తీసుకుపోయాక సంపూర్ణమ్మ దగ్గరికి వచ్చింది. అరచేతులు బొబ్బలెక్కాయి.

"బుల్లియ్య గారికి రెండో కబురు పంపానండి, వెళ్లొద్దని. అందలేదు."

జ్ఞానప్రకాశం తలగుడ్డ విప్పి, చింపి ఆవిడ చేతులకి కట్టాడు. "ఇవాళ రెండూ అందాయండి," అన్నాడు.

రాయబారి మాత్రం మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు. బంగారు కొండ బొమ్మ చూడందే కదలనన్నాడు. జ్ఞానప్రకాశం లాంతరు దగ్గరికి వెళ్లాడు, సంపూర్ణమ్మ చిరిగిన తెర పక్కన నిలబడింది.

"ఇక చెప్పేదంతా నిజమేనండి!"

వినడానికి హాల్లో ఆయన, దుబాసీ తప్ప మిగిలింది యెహెజ్కేలు గారొక్కరే. ఆయన ఇంకా నిద్ర లేవలేదు.