తాతయ్య లైవ్‌లోకి వచ్చిన రోజు

"వచ్చేసింది! సముద్రం వచ్చేసింది!"

గువ్వ సోఫా మీద గంతులేసింది.

దుకాణాలకు కెమెరాలు బిగించడం అమ్మ పని. ఇంటికీ రెండు బిగించింది, అవి చూపించేది హాలు టీవీలో కనిపిస్తుంది. ఆ తెర మీద నాలుగు గడులు. ఒక గడిలో గేటు, ఇంకో గడిలో పెరడు. మిగతా రెండూ ఖాళీ. ఇవాళ సెలవు కదా, అందరూ చూడాలని నెట్‌లో పెట్టిన కెమెరాలను ఆ ఖాళీ గడుల్లోకి తేవడం అమ్మ నేర్పింది.

గేటు పక్కన సముద్రం! పెరడు పక్కన జూ! అక్కడ ఏనుగు పిల్ల నీళ్లతొట్టిలోకి దిగనని మొండికేస్తోంది. గువ్వ కాళ్లు నేల మీద ఆనడం లేదు.

'అందరూ మనకు కనిపిస్తుంటే, మనం అందరికీ కనిపించొద్దూ?'

అనుకోవడమే ఆలస్యం. గువ్వ అమ్మ ఫోన్ తీసుకుని, పెరటి కెమెరా లింకును క్లాసు గ్రూపులో పెట్టేసింది. "మా ఇల్లు లైవ్! చూడండి!"

టింగు టింగుమంటూ నవ్వు బొమ్మలు వచ్చాయి. గువ్వ పొంగిపోయింది.

అంతలో ఫోన్ మోగింది. క్లాసులో అందరూ టపాకాయ్ అని పిలిచే స్నేహితురాలు.

"ఒసేయ్, ఆ డాన్సు తాత ఎవరే? మా అన్నయ్య పడీపడీ నవ్వుతున్నాడు!"

గువ్వ టీవీ వంక చూసింది. పెరట్లో తాతయ్య! మోకాలి ఆపరేషన్ అయ్యాక డాక్టరు వేయమన్న అడుగులు వేస్తున్నాడు. పాత బనీనుతో, గోడ పట్టుకుని, వంకరటింకరగా. ఎవరి కంటా పడకూడదనే ఆయన పెరట్లోకి వెళ్తాడు.

గువ్వ ఫోన్ పెట్టేసింది.

"అమ్మా!" అంటూ వంటింట్లోకి పరుగెత్తింది.

అమ్మ ముందు లింకు ఆపేసింది. మెసేజ్ తీసేసింది. ఆ తర్వాత అడిగింది. "సముద్రాన్ని అందరూ చూడాలని ఆ కెమెరా వాళ్లే పెట్టారు. మరి తాతయ్యను అడిగావా?"

"లేదు..."

"అయితే నాతో కాదు, తాతయ్యతో చెప్పు."

గువ్వ పెరట్లోకి వెళ్లి అంతా చెప్పేసింది. తాతయ్య చెవులు ఎర్రబడ్డాయి.

"ఈ బనీను నిండా చిల్లులే కదే," అన్నాడు మెల్లగా.

గువ్వకు ఏడుపు తన్నుకొచ్చింది. "ఇంకెప్పుడూ చెయ్యను తాతయ్యా."

"సరేలే, ఇటు రా. ఆ చెయ్యి ఇలా ఇవ్వు."

తాతయ్య గోడ వదిలి గువ్వ చెయ్యి పట్టుకున్నాడు. ఒక అడుగు. ఇంకో అడుగు. పెరటి అవతలి చివరి దాకా!

"గోడ లేకుండా నడిచావు తాతయ్యా!" గువ్వ చప్పట్లు కొట్టింది. తాతయ్య నవ్వాడు.

హాల్లోకి వచ్చాక గువ్వ చూపు గేటు గడి మీద ఆగింది. గేటుతో పాటు ఎదురింటి వరండా సగం కనిపిస్తోంది. అక్కడ ఎదురింటి అత్త తల దువ్వుకుంటోంది.

"అమ్మా, స్టూలు తీసుకురా!" అని కేకేసి, చెప్పులైనా వేసుకోకుండా గువ్వ రోడ్డు దాటింది.

"అత్తా, మా కెమెరాలో మీ వరండా కనిపిస్తోంది. పక్కకు తిప్పేస్తాం. ఎంత తిప్పాలో వచ్చి చూస్తారా?"