చొంగ కార్చిన బొమ్మ

సిద్ధమ్మ కువైట్ సిటీలో ఆ ఇంట్లో పనికి కుదిరి మూడు వారాలైంది. యజమానురాలు ఒంటరి మనిషి, పనివాళ్లు ఆమెను 'మామా' అని పిలవాలి. సాయంత్రాలు పిల్లలకు బొమ్మలు గీయడం నేర్పుతుంది. కింది హాల్లో గోడ పొడుగునా అద్దాల ఫ్రేముల్లో పాత బొమ్మలు. ఇటలీలో ఏడు వందల ఏళ్ల నాటి చర్చి గోడల మీది చిత్రాలను ఎవరో నీళ్లరంగులతో కాగితాల మీదికి దించారట. వాటిని చూసే పిల్లలు గీతలు దిద్దుతారు.

"అద్దం తుడువు. కాగితం తాకొద్దు," అని మామా మొదటిరోజే చెప్పింది.

ఆగస్టు నెల. ఉక్క. మధ్యాహ్నం మామా పడుకున్నాక సిద్ధమ్మ గుడ్డ, బకెట్ పట్టుకుని కిందికి దిగింది. మెట్ల మీదే కంపు తగిలింది. జబ్బుమనిషి ఎన్నాళ్లకో నోరు తెరిచినట్టు.

చివరి ఫ్రేములో గడ్డపు ముసలాయన. పచ్చబారిన మొహం, సగం తెరిచిన నోట్లో పైన రెండు, కింద రెండు బియ్యపు గింజల్లాంటి పళ్లు. అద్దం మసకబారింది. తుడిస్తే పోలేదు. మసక లోపలివైపు ఉంది. ఫ్రేము అంచు నుంచి తీగలా సాగుతూ ఏదో కారుతోంది.

నీళ్లు కాదు. చొంగ.

బొమ్మ పాడైతే తననే అంటారు. ఇంటికి పంపేస్తారు. సిద్ధమ్మ ఫ్రేము దించి, వెనక అట్ట తీసి, కాగితాన్ని బయటికి లాగింది. అది వెచ్చగా ఉంది. నాలుకలా మెత్తగా... గుడ్డతో అద్దబోతే వేలు జారి ఆ నోటి మీద పడింది.

చప్...

వేలు లోపలికి దిగింది. ఎవరో చీకుతున్నారు.

పెరికి లాక్కుంది. బకెట్లో భళ్లున కక్కుకుంది. ఫ్రేము బిగించి తగిలించేసరికి మెట్ల మీద మామా.

"తాకావా?"

"తాకలేదు మామా."

మామా బొమ్మవైపు చూడలేదు. సిద్ధమ్మ చేతుల్నే చూసింది.

మర్నాటి నుంచి రోజూ అంతే. తెల్లారి లేచేసరికి ఆ వేలు తడిగా, నానిపోయి, తెల్లగా ముడతలు పడి ఉండేది. అదే కంపు. డెట్టాల్‌తో కడిగింది, నిమ్మచెక్కతో రుద్దింది. ఆ చేత్తో అన్నం కలిపితే వాంతి వచ్చేది. గది తలుపు లోపల గడియ పెట్టే పడుకునేది. అయినా తడి...

శుక్రవారం సెలవు అడిగి, అక్కడే ఆసుపత్రిలో పనిచేసే తెలిసిన కాకినాడ నర్సు ఫ్లోరెన్స్ గదికి వెళ్లింది. జరిగింది చెప్పలేక వేలు మాత్రం చాపింది.

ఫ్లోరెన్స్ లైటు కింద తిప్పి చూసి నవ్వేసింది.

"ఇందుకా ఇంత కంగారు? పాలపళ్ల గాట్లు ఇవి. పైన రెండు, కింద రెండు. ఆ ఇంట్లో పసిబిడ్డ ఉందా ఏంటమ్మా?"

సిద్ధమ్మ వేలు వెనక్కి లాక్కుంది.

"ఎవురూ లేరక్కా... మేమిద్దరమే."