తడి తగలకూడని మందు

పొద్దున్నే రాహేలు ఉప్పునీళ్లు కాచి దించింది. గోరువెచ్చగా అయ్యేదాకా ఆగి, చెంబు తీసుకొచ్చి వసారాలో కూర్చున్న అత్త ముందు పెట్టింది. సుందరమ్మ చెంబు వైపు చూడలేదు. దౌడ మీద చెయ్యి ఆనించుకుని, కోడలి పాదాల పక్కన ఉమ్మింది.

ఉమ్మడం కొత్తేమీ కాదు. మూడేండ్లుగా రాహేలు ఎదురుపడితే చాలు, ఆమె ఉమ్ముతుంది. ఐదు రోజుల నుంచి కింది పన్ను సలుపుతోంది కాబట్టి ఇప్పుడు ఉమ్మిన ప్రతిసారీ ముఖం వంకర తిరుగుతోంది. అంతే తేడా.

"ఉప్పు ఎక్కువేసింటావు, మంట పుట్టాలని" అంది సుందరమ్మ.

"నువ్వు చెప్పినంతే వేసినా అత్తా."

"నేను చెప్పినట్ల చేసేదానివయితే ఈ కొంప ఇట్లెందుకుంటాది?"

మొదటి రోజు లవంగం నలిపి పన్ను కింద పెట్టారు. రెండో రోజు జామాకులు ఉడికించిన నీళ్లు పుక్కిలించింది. మూడో రోజు పక్కింటి రాజమ్మ చెప్పిందని ఇంగువను దూదిలో చుట్టి పుచ్చులో కుక్కారు. నాలుగో రోజు వెల్లుల్లి దంచి పెడితే చిగురు కాలి బొబ్బ లేచింది. అన్నీ చేసింది రాహేలే. తిట్లు తిన్నదీ రాహేలే.

జమ్మలమడుగు పక్కనున్న ఆ ఊరిది ఒక పార్టీ. ప్రొద్దుటూరు దారిలో ఉన్న రాహేలు పుట్టినూరిది ఇంకో పార్టీ. పెండ్లి జరిగేనాటికి రెండూళ్లూ ఒక నాయకుని వెనకే ఉండేవి. తర్వాత నాయకులు విడిపోయారు, వాళ్లతో పాటు ఊళ్లూ విడిపోయాయి. మూడేండ్ల కిందట ఓట్ల రోజున, పార్టీ పని మీద రాహేలు పుట్టినూరికి పోయిన ఆమె భర్త పౌలు, కుడిచేతి మూడు వేళ్లు పోగొట్టుకుని వచ్చాడు. బాంబు పేలింది. వేసింది రాహేలు అన్న ఏసయ్యే అని సుందరమ్మ అంటుంది. చూసినవాళ్లు లేరు. ఉన్నా చెప్పరు.

ఆ రోజు నుంచి రాహేలు పుట్టింటి గడప తొక్కలేదు. తల్లి లీలమ్మ ముఖం చూడలేదు. పోతే మళ్లీ ఈ ఇంటికి రావద్దని అత్త బైబిలు మీద చెయ్యి పెట్టి చెప్పింది. పౌలు కాదనలేదు.

ఎండెక్కాక వాకిట్లో వలి బాషా జీపు ఆగింది. అతను రోజూ జమ్మలమడుగుకూ ప్రొద్దుటూరుకూ మధ్య జీపు తోలుతాడు. రెండు పార్టీల వాళ్లూ అతని జీపే ఎక్కుతారు కాబట్టి అతన్నెవరూ ఏమీ అనరు. అయినా ఆ పొద్దు అటూ ఇటూ చూసుకుని, సిమెంటు సంచి కాగితంలో చుట్టి పురికొసతో బిగించిన పొట్లం రాహేలు చేతిలో పెట్టాడు.

"మీ అన్న మందిచ్చి పంపినాడు చెల్లెలా" అన్నాడు గొంతు తగ్గించి. "తడి తగలనీయొద్దంట. తగిలితే పనికిరాదంట. భద్రం."

ఆ ఊళ్లల్లో మందంటే నొప్పికి వేసుకునేది ఒకటి, చుట్టి విసిరేది ఒకటి. సుందరమ్మ చెవిన పడింది రెండోదే.

"రేయ్ పౌలూ" అని ఆమె వేసిన కేకకు కొట్టంలో గడ్డి వేస్తున్న పౌలు పరుగెత్తుకొచ్చాడు. పొట్లాన్ని చూశాడు. ఒక్క మాట అడక్కుండా పెండ్లాం చేతిలోంచి లాక్కుని నీళ్ల బొక్కెనలో ముంచేశాడు. కాగితం విచ్చుకుంది. నీళ్లు నల్లగా మారాయి.

"చూడు, ఎంత నలుపో" అంది సుందరమ్మ. నొప్పి కూడా మర్చిపోయింది. "ఒక చెయ్యి తిన్నారు. సాల్లేదంట. రెండోదానికి పంపినాడు వాళ్లన్న. ఇది ఇంట్లో పెట్టుకుని మనకు కూడొండి పెడతాంది."

"అది పంటికి" అంది రాహేలు.

"పంటికి నల్లటి మందు పెడతారంట. ఇన్యావా పౌలూ?"

పౌలు వినడం లేదు. బొక్కెన మీదికి వంగి ఉన్నాడు. నీళ్లలోంచి లవంగాల వాసన వస్తోంది.

రాహేలు కింద కూర్చుని, బొక్కెనలో చెయ్యి పెట్టి, అడుగున చేరిన ముద్దను పిడికెడు తీసింది. వాళ్లిద్దరి ఎదురుగానే పండ్లకు రుద్దుకుంది. పెదవులు, గడ్డం నల్లగా అయ్యాయి. ఆ నల్లటి నోటితోనే చెప్పింది.

"మా అమ్మ చేసే పండ్లపొడి. తుమ్మబొగ్గు, పటిక, లవంగాలు, ఉప్పు. నీకు బాగలేదని నేనే చెప్పి పంపినా."

పౌలు లేచి, ఎవరి ముఖమూ చూడకుండా కొట్టంలోకి పోయాడు. సుందరమ్మ దౌడ మీద మళ్లీ చెయ్యి ఆనించుకుంది. తర్వాత ఆమెకు ఇంకో తప్పు దొరికింది.

"నా నోట్లో సంగతి ఆ ఊరికి మోసినావా? నేను దౌడ పట్టుకుని ఏడుస్తాంటే వాళ్లు నవ్వుకోవాల్నా? ఈడ తిని ఆడికి కబుర్లు చేరేసేదాన్ని పెట్టుకుని కాపురం చేస్తాండాడు నా కొడుకు. ఈ ఓట్లు అయిపోనీ. నీ మూట నేనే కట్టి పంపిస్తా."

"ఇప్పుడే పంపు అత్తా. మూడేండ్లయింది" అంది రాహేలు. ఆ ఇంట్లో ఆమె ఎదురు చెప్పడం అదే మొదలు.

"పో. పోయినదానివి పోయినట్లే ఉండు."

రాహేలు పోలేదు. మూతి కడుక్కుని, పొయ్యి మీదున్న అన్నం చూసుకోవడానికి లోపలికి పోయింది.

మర్నాటికి సుందరమ్మ చెంప కన్ను మూసుకుపోయేంతగా ఉబ్బింది. నీళ్లు కూడా మింగలేకపోయింది. ప్రొద్దుటూరులో పండ్ల డాక్టరు దగ్గరికి పోవాల్సిందే. దారేమో రాహేలు పుట్టినూరి మీదుగా. ఓట్లు నెల రోజుల్లో ఉన్నాయి. ఆ రోజుల్లో పౌలులాంటి మగవాళ్లు ఆ దారిన పోరు. ఆడవాళ్ల జోలికి ఎవరూ రారు.

"దీంతోనా?" అని మూలిగింది సుందరమ్మ.

"దీంతోనే. ల్యాకపోతే పాస్టరుగారిని పిలుస్తా, పన్ను ఊడేదాకా ప్రార్థన చేయించుకో" అన్నాడు పౌలు.

డాక్టరు కుర్రవాడు. రెండు సూదులు వేసి, రెండు వేర్ల దౌడపన్నును పీకి పళ్లెంలో వేశాడు. గుంటలో దూది అదిమి, గట్టిగా కొరికిపట్టుకోమన్నాడు. తర్వాత రాహేలుతో చెప్పాడు.

"గంటసేపు ఇట్లే ఉండాల. మాట్లాడగూడదు. ఉమ్మగూడదు, ఉమ్మితే నెత్తురు గడ్డకట్టదు. ఊరింది మింగేయమను. ఈ పొద్దంతా పుక్కిలించొద్దు, వేడిది వద్దు, పులుపు వద్దు. వేలుబెట్టి గెలకొద్దు. ఉప్పునీళ్లు రేపట్నుంచి. మీ అమ్మేనా?"

"మా అత్త."

"గంటసేపు మాట్లాడకుండా ఉంటాదా?"

సుందరమ్మ డాక్టరును ఉరిమి చూసింది.

తిరుగు జీపులో ముందు సీట్లో వలి బాషా, వెనక వాళ్లిద్దరు, మూలన ఎరువుల బస్తాలు. సుందరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. ప్రొద్దుటూరు దాటాక రాహేలు మాట్లాడింది. రోడ్డు వైపు చూస్తూ, కూరగాయల ధర చెప్పినంత మెల్లగా మాట్లాడింది.

"నువ్వు మాట్లాడలేవు గాబట్టి చెప్తాండా అత్తా. మూడేండ్ల నుంచి నీ కొడుక్కు అన్నం కలిపి పెడతాండేది నేను. గుండీలు పెట్టేది నేను. నాకు కోపం రాదనుకోవద్దు. బాంబు మా అన్నే వేసినాడో, ఇంకోడు వేసినాడో నాకూ తెలియదు. అడిగేదానికి నన్ను ఆడికి పోనిస్తే గదా."

సుందరమ్మ గొంతులో ఏదో శబ్దం చేసింది.

"దూది జారుతాది, కొరికిపట్టుకో. మా అమ్మ రోజూ సాయంత్రం మా ఊరి క్రాసు కాడికొచ్చి కూర్చుంటాదంట. వచ్చే జీపులన్నీ చూస్తాదంట. బాషాన్న చెప్పినాడు. నేను దిగుతానని చెప్పడంల్యా. దిగను. నువ్వు తెలుసుకోవాలని చెప్తాండా."

వలి బాషా అద్దంలోంచి ఒకసారి చూసి, మళ్లీ రోడ్డు మీదికి చూపు తిప్పుకున్నాడు.

క్రాసు దగ్గర బస్తాలు దించడానికి జీపు ఆగింది. కల్వర్టు మీద కూర్చున్న ముసలామె లేచి నిలబడింది. రాహేలు చివరిసారి చూసినప్పుడు లీలమ్మ వెంట్రుకలు నల్లగానే ఉన్నాయి. ఆమె ముందుకు రాలేదు. సుందరమ్మను చూసి, అక్కడే ఆగిపోయి, రెండు చేతులూ కొంగులో చుట్టుకుంది. రాహేలు జీపు కడ్డీని పట్టుకుని కదలకుండా కూర్చుంది.

సుందరమ్మ కోడలి భుజం మీద వేలితో పొడిచింది. ఉమ్మాలేమోనని రాహేలు గుడ్డ అందించింది. సుందరమ్మ గుడ్డను తోసేసింది. మళ్లీ పొడిచింది. బస్తాలు దించేసి వలి బాషా సీట్లో కూర్చోగానే వెనకనుంచి అతని చొక్కా కాలరు పట్టుకుంది.

"పోనీయొద్దా పెద్దమ్మా? మెడ వదులు, పోనీయను" అన్నాడతను.

సుందరమ్మే ముందు దిగింది. నడిచి పోయి లీలమ్మ మోచెయ్యి పట్టుకుంది. పడిపోకుండా పట్టుకుందో, పలకరించడానికి పట్టుకుందో చూసేవాళ్లకు తెలియలేదు.

"పౌలన్న నన్ను తంతాడు" అన్నాడు వలి బాషా, జీపు ఇంజను ఆపు చేస్తూ.

లీలమ్మ ఇల్లు ఊరి మొదట్లోనే ఉంది. ముగ్గురూ వసారాలో కూర్చున్నారు. లీలమ్మ కూతురి జబ్బను తడుముతూనే ఉంది, మాట్లాడింది మాత్రం వియ్యపురాలితో.

"ఓట్లొస్తాండాయని ఏసయ్య నిన్ననే ఊరిడిసి పోయినాడు వదినా. ఉన్నా మేలేం ల్యా. నువ్వేసినావా అని అడిగితే కంచం ముందర్నుంచి లేసిపోతాడు. వాని వెనకాల కంచం ఎత్తుకుని నేను పోతాండా. మూడేండ్లుగా ఇదే పని. చెప్పడు. పస్తుపెట్టలేను."

సుందరమ్మ దూది కొరుక్కుని వింటోంది. ఉబ్బిన చెంప మీద కన్నీళ్లు దిగాయి. నొప్పికేమో అనుకుంది రాహేలు.

"గంటయింది అత్తా, నోరు తెరువు" అని, దూది మెల్లగా తీసింది. నెత్తురు ఆగింది. సుందరమ్మ మొద్దుబారిన పెదవులను ఒకటికి రెండుసార్లు కదిలించుకుంది.

"నా కొడుకూ చెప్పడు వదినా" అంది. "ఇంకోడు వేసిన బాంబు మీద పడి పేలితే ఒళ్లంతా కాలుతాది. వాని ఒంటి మీద గీత ల్యా. వేళ్లే పోయినాయి. చేతిలో పట్టుకున్నోనికే అట్ల పోతాయి. ఆ రాత్రి కట్టు కట్టేటప్పుడే నాకు తెల్సు. అడగలేదు. దీన్ని తిట్టుకుంటా ఉంటే అడగాల్సిన పని ల్యాకపాయ."

రాహేలు దూది చేతిలో పట్టుకుని అట్లే నిలబడిపోయింది. నిన్న బొక్కెనలో పొట్లాన్ని ముంచినప్పుడు పౌలు చేతులకు ఎంత అలవాటుగా ఉందో ఇప్పుడు గుర్తొచ్చింది.

కాసేపటికి సుందరమ్మ లేచి కొంగు సర్దుకుంది.

"నువ్వుండు. ఆదివారానికి రా" అంది కోడలితో.

"నీకు అన్నం మెత్తగా ఎవరు వండుతారు అత్తా?"

"పౌలు వండుతాడు. వానికింకా ఏడు వేళ్లుండాయి."

ఆమె ఒక్కతే జీపు వైపు నడిచింది. రాహేలు అప్పుడు తల్లి భుజం మీద తల పెట్టుకుని ఏడ్చింది.